మెల్లగా నడిచే సైన్స్ ఫిక్షన్ సినిమాలు పదిహేనేళ్ళ పిల్లలకు ఎక్కుతాయా?

అడిగినవారి ప్రశ్న సారాంశం ఇది: వారి అబ్బాయికి పదిహేనేళ్ళు. తమకు ప్రాణమైన సినిమాలు, అంటే గ్రహాంతర యుద్ధాలు లేకుండా దిగులుగా, నిదానంగా సాగే సైన్స్ ఫిక్షన్ సినిమాలు చూపిస్తే అరగంటకే లేచి వెళ్ళిపోతున్నాడు. ఈ వయసు పిల్లలు వాటిని ఆస్వాదించగలరా, లేక ఇంకో పదేళ్ళు ఆగాలా అని వారి సందేహం.

ఆగవద్దు. ఇరవై ఏళ్ళుగా కోనసీమలో ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెబుతున్నవాడిగా, ఆ వయసు కూతురున్న తండ్రిగా గట్టిగా చెబుతున్నాను, అటువంటి సినిమాలకు అసలైన ప్రేక్షకులు పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ పిల్లలే. నలభై దాటిన మనం తెర ముందు కూర్చుని కూడా రేపు కట్టవలసిన బిల్లులు లెక్కపెట్టుకుంటూ ఉంటాం. వాళ్ళు మాత్రం పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి ఒక గంట ఊరకే చూడగలరు. "ఏమిటా పరధ్యానం" అని కసిరి వాళ్ళను లేపేది మనమే. ఈ సినిమాలు చూడడానికి కావలసింది ఆ పరధ్యానమే, అది ఆ వయసులో ఉన్నంత సమృద్ధిగా మళ్ళీ ఎప్పుడూ ఉండదు.

నా మాటకు ఆధారం నా బాల్యమే. 1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాసు బావి పేలి మంటలు లేచినప్పుడు నేను పదో తరగతిలో ఉన్నాను. ఆ మంట 65 రోజుల పాటు ఆరలేదు. మా ఊరికి ఆ రోజుల్లో సరిగా చీకటి పడేది కాదు. కొబ్బరి మట్టల అంచుల మీద నారింజ రంగు వెలుగు కదులుతూ ఉండేది, ఎక్కడో పెద్ద యంత్రం ఆగకుండా తిరుగుతున్నట్టు ఒక హోరు వినిపిస్తూ ఉండేది. పెద్దవాళ్ళు ఊరు ఖాళీ చేయవలసి వస్తుందా, తోటలు ఏమవుతాయి అన్న చింతలో ఉండగా, మేము పిల్లలం డాబా ఎక్కి మాటామంతీ లేకుండా ఆ వెలుగునే చూస్తూ కూర్చునేవాళ్ళం. నాకప్పుడు కలిగినది భయమో, మరొకటో ఈనాటికీ పేరు పెట్టలేను. తరువాత కొన్నేళ్ళకు విశాఖపట్నం హాస్టలు గదిలో 1982 నాటి 'బ్లేడ్ రన్నర్' చూశాను. చీకటి నగరం మీద గొట్టాల నుంచి మంటలు ఎగసిపడే దాని మొదటి దృశ్యం రాగానే నాకు పాశర్లపూడి ఆకాశం కనిపించింది. ఆ సినిమా నాకు ఎవరూ నేర్పలేదు. పదిహేనో ఏట మా డాబా మీద నేర్చుకున్నదానినే తెర మీద గుర్తుపట్టాను.

ఇంత తెలిసి కూడా మొదటిసారి నేను పొరపాటు చేశాను. మా అన్నయ్య కొడుకుకు పద్నాలుగేళ్ళప్పుడు '2001: ఏ స్పేస్ ఒడిస్సీ' చూపించాను. 1968లో వచ్చిన ఆ సినిమాలో మొదటి పాతిక నిమిషాలూ మనిషి మాట వినిపించదు. ఆ నిశ్శబ్దంలో పిల్లవాడు ఇబ్బంది పడతాడేమోనని నేను పక్కన కూర్చుని వ్యాఖ్యానం మొదలుపెట్టాను. ఇవి తొలి మానవులురా, ఆ ఎముక మొదటి ఆయుధం, ఇప్పుడు దానిని పైకి విసురుతాడు, అది అంతరిక్ష నౌకగా మారుతుంది చూడు అని ముందే చెప్పేశాను. ప్రపంచ సినిమాలో ఎంతో పేరు పొందిన ఆ ఒక్క క్షణాన్ని వాడికి దక్కకుండా చేశాను. వాడు కాసేపటికి లేచి వెళ్ళిపోతే, ఈ కాలపు పిల్లలకు ఓపిక లేదని ఇంట్లో అందరితో అన్నాను. ఓపిక లేనిది నాకు. ఆ సినిమా విడుదలైనప్పుడు పేరున్న సమీక్షకులు కొందరు పెదవి విరిచారు, తొలి ప్రదర్శనల తరువాత దర్శకుడు కూబ్రిక్ స్వయంగా సుమారు 19 నిమిషాలు తగ్గించాడు. ఆ తరువాత థియేటర్లను నింపి దానిని నిలబెట్టింది ఎక్కువగా కుర్రకారే. పెద్దలకు అందనిది పిల్లలకు అందడం కొత్త సంగతి కాదు.

ఇక నా అభిప్రాయాన్ని స్థిరపరచిన సాయంత్రం గురించి చెప్పాలి. 2022 జూలై వరదల్లో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. నది మధ్య దీవులైన లంకల్లోని జనం పడవల మీద ఒడ్డుకు చేరారు. మా తోటలో కొబ్బరికాయల దింపులు తీసే ఆయనది ఒక లంక గ్రామం. తల్లిని, భార్యను, ఎనిమిదో తరగతి చదివే కొడుకును మా ఇంట్లో ఉంచి, తాను గేదెలతో ఏటిగట్టు మీద ఉండిపోయాడు. బడులకు సెలవులు ఇచ్చారు. కరెంటు వచ్చిపోతూ ఉంది, ఫోనుకు సిగ్నలు లేదు. మూడో రోజు సాయంత్రానికి చెప్పుకోవడానికి కబుర్లు కూడా అయిపోయాయి. నా లాప్‌టాప్‌లో ఆండ్రీ తార్కోవ్‌స్కీ తీసిన 'సొలారిస్' ఉంది. ఇన్వర్టరులో మిగిలిన ఛార్జీతో టీవీ, ఫ్యాను రెండూ నడవవు, ఏదో ఒకటే తేల్చుకోండి అన్నాను. ఆ ఉక్కలో కూడా పిల్లలు ముగ్గురూ టీవీయే కావాలన్నారు. మా అమ్మాయికి పద్నాలుగు, అన్నయ్య కొడుకుకు పదహారు, లంక నుంచి వచ్చిన పిల్లవాడికి పదమూడు.

ఆ సినిమా 1972లో రష్యన్ భాషలో వచ్చింది, నిడివి రెండు గంటల 45 నిమిషాల పైమాటే. సొలారిస్ అనే గ్రహాన్ని ఒక సముద్రం కప్పి ఉంటుంది. ఆ సముద్రం ఆలోచిస్తుంది. దానికి పైన గాలిలో తేలే పరిశోధన స్టేషనులోని శాస్త్రజ్ఞుల జ్ఞాపకాలను తవ్వి, వాటిలోని మనుషులను తయారుచేసి వాళ్ళ ముందుకే పంపుతుంది. క్రిస్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడి దగ్గరికి ఎప్పుడో చనిపోయిన అతని భార్య వస్తుంది. నేను పిల్లలకు చెప్పిన కథ ఇంతే. తెర మీద ఇంగ్లీషులో వచ్చే మాటలను మెల్లగా తెలుగులో చెబుతాను, అంతకు మించి నోరు విప్పను అని నాకు నేను షరతు పెట్టుకున్నాను.

సినిమా నీటిలో ఊగే నాచుతో మొదలవుతుంది. "మన కాలవలో నాచేనండి" అన్నాడు లంక పిల్లవాడు. క్రిస్ ఇంటి అరుగు మీద ఉండగా వాన మొదలై, బల్ల మీది కప్పులో చినుకులు పడుతుంటే అతడు లోపలికి వెళ్ళకుండా అలాగే ఉండిపోతాడు. ముగ్గురిలో ఎవరూ ఎందుకని అడగలేదు. ఆ తరువాత ఒక కారు నగరం రోడ్ల మీద, సొరంగాల గుండా దాదాపు ఐదు నిమిషాలు పోతూనే ఉంటుంది. టోక్యోలో తీసిన ఆ ఘట్టం దగ్గర చాలామంది పెద్దవాళ్ళు సినిమా కట్టేస్తారని నాకు తెలుసు. మా అన్నయ్య కొడుకు లేచి, నీళ్ళు మెట్ల దాకా వచ్చాయేమో వీధి గుమ్మం లోంచి చూసి, తిరిగి వచ్చి "ఇంకా వెళ్తూనే ఉన్నాడా బాబాయ్" అని నవ్వి కూర్చున్నాడు. మా అమ్మాయి సొరంగాలు లెక్కపెడుతోంది. లంక పిల్లవాడు మాత్రం రెప్ప వేయకుండా చూస్తున్నాడు. దర్శకుడే ఆ సినిమాను రెండు భాగాలుగా కట్టాడు కనుక మొదటి భాగం కాగానే ఆపి, అటుకులు తిని, మళ్ళీ మొదలుపెట్టాం. మన థియేటర్లలో ప్రతి సినిమాకూ ఎక్కడ పడితే అక్కడ విశ్రాంతి అని అక్షరాలు వేసి లైట్లు వెలిగించే పద్ధతి నెమ్మది సినిమాల ఊపిరి తీస్తుందని ఎప్పటి నుంచో నా బాధ. ఆ రోజు ఆగింది మాత్రం ఆగవలసిన చోటే. రెండో భాగం సగానికి వచ్చేసరికి గొంతు బొంగురుపోయి నేను అనువాదం చెప్పడం మానేశాను. ఎవరూ అడగలేదు.

ముగింపు తెలుసుకోవడం ఇష్టం లేనివారు ఈ ఒక్క పేరా వదిలేయండి. చివరకు క్రిస్ తండ్రి ఇంటికి తిరిగి వచ్చి కిటికీలోంచి లోపలికి చూస్తాడు. ఇంటి లోపల వాన పడుతూ ఉంటుంది. తండ్రి భుజాల మీద నీళ్ళు పడుతున్నా ఆయనకు తెలియదు. క్రిస్ గుమ్మం దగ్గర ఆయన ముందు మోకరిల్లుతాడు. కెమెరా పైపైకి వెళ్ళేకొద్దీ ఆ ఇల్లు, చెట్లు, చెరువు అన్నీ ఆ వింత సముద్రం మధ్య ఒక చిన్న లంక అని తెలుస్తుంది. సినిమా అయిపోయింది. జ్ఞాపకం గురించి, అంతరాత్మ గురించి నేను చెప్పాలని సిద్ధం చేసుకున్న మాటలు నాలుక చివర ఉన్నాయి. అంతలో ఆ పిల్లవాడు నా వైపు తిరగకుండానే అన్నాడు: "అది వాళ్ళ ఇల్లు కాదండి మాస్టారూ. సముద్రం గుర్తు పెట్టుకుని కట్టిన ఇల్లండి. దానికి లోపల ఏదో బయట ఏదో తెలీదండి, అందుకే వాన లోపల పడేసిందండి." గోడ వారగా చాప మీద పడుకుని ఉన్న వాళ్ళ నాన్నమ్మ ఉలిక్కిపడి లేచి, "ఎవరింట్లోకిరా నీళ్ళొచ్చాయి?" అని అడిగింది. "మనింట్లోకి కాదు నాన్నమ్మా, సినిమాలో. పడుకో" అన్నాడు. అప్పటికి వాళ్ళ ఇంట్లో కిటికీల ఎత్తున నీళ్ళున్నాయి. ఆ సంగతి వాడికీ తెలుసు.

ఆ సినిమా గురించి నేను చదివినవాటిలో ఆ ముగింపును అంత తేటగా విప్పిన వాక్యం నాకు మరొకటి తగలలేదు. వరద వల్ల వాడికి అది ప్రత్యేకంగా తాకింది కదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే, కాని ప్రతి పిల్లవాడి దగ్గరా ఏదో ఒక వరద ఉంటుంది. చదువు కోసం విడిచిన ఊరు ఉంటుంది, హఠాత్తుగా కనిపించకుండా పోయిన తాతయ్య ఉంటాడు, మాట మానేసిన స్నేహితుడు ఉంటాడు. వాటిని తలచుకోవడానికి వాళ్ళకు ఖాళీ దొరకాలి. తెల్లవారుజామున లేపి రాత్రి పది దాకా స్టడీ అవర్ల పేరుతో బల్లకు కట్టేసే రెసిడెన్షియల్ కళాశాలల్లో ఆ ఖాళీ ఎక్కడిది? సెలవుకు ఇంటికి వచ్చిన నా విద్యార్థులు సినిమాను ఒకటిన్నర రెట్ల వేగంతో చూస్తున్నారని విన్నప్పుడు నాకు కోపం రాలేదు, కడుపు తరుక్కుపోయింది. ఉన్న రెండు రోజుల్లో అన్నీ కుక్కుకోవాలన్న ఆత్రం అది. అంతకంటే హాని చేసేవి, సినిమా అవగానే ముగింపుకు అర్థం ఇదీ అని పది నిమిషాల్లో చెప్పేసే వీడియోలు. నిజానికి నేనూ 2001 విషయంలో అటువంటి వీడియో పనే చేశాను.

మీ అబ్బాయి విషయానికి వస్తే, రెండున్నర గంటల సినిమాతో మొదలుపెట్టకండి. ఫ్రాన్సులో క్రిస్ మార్కర్ 1962లో తీసిన 'లా జెటే' నిడివి 28 నిమిషాలే. దాదాపు అంతా నిశ్చల ఛాయాచిత్రాలే, ఒక్కచోట మాత్రం నిద్రలేచే స్త్రీ కళ్ళు విప్పడం కదలికతో కనిపిస్తుంది. ఆ సంగతి మీరు చదివారు కనుక సరే, వాడికి మాత్రం ముందుగా చెప్పకండి. తరువాత 2016 నాటి 'అరైవల్' చూపించండి. రెండు గంటల లోపే అయిపోతుంది, గ్రహాంతరవాసులు సిరా వలయాలతో రాసే భాష పిల్లలను కట్టిపడేస్తుంది. ఆ తరువాతే 'సొలారిస్'. అందులో క్రిస్ భార్య ఆత్మహత్య ప్రస్తావన, ఆమె మళ్ళీ ప్రాణం తీసుకోబోయే దృశ్యం ఉన్నాయి. కనుక మీరు ముందు ఒంటరిగా చూసి, మీ అబ్బాయి మనసు ఎలా ఉందో తెలుసుకుని నిర్ణయించుకోండి. ఆ రోజు నేను ఆ జాగ్రత్త తీసుకోలేదు, తీసుకుని ఉండవలసింది.

రాత్రి పూట, లైట్లు ఆర్పి, ఫోన్లు వేరే గదిలో పెట్టి చూడండి, మీ ఫోను కూడా అక్కడే ఉండాలి. మధ్యలో లేస్తే లేవనివ్వండి, తిరిగి వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్పకండి. అయిపోయాక అర్థమైందా అని అడగకండి. నచ్చలేదంటే ఒప్పుకోండి, 'సొలారిస్'కు మూలమైన నవల రాసిన స్టానిస్లావ్ లెమ్‌కే తార్కోవ్‌స్కీ సినిమా నచ్చలేదు.

లంక పిల్లవాడు ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. మొన్న సంక్రాంతి సెలవుల్లో వాళ్ళ నాన్నతో కలిసి తోటలోకి వచ్చి, "ఆ నీళ్ళ సినిమా ఇంకోసారి వేస్తారా మాస్టారూ" అని అడిగాడు. ఈసారి కరెంటు ఉంది, ఫ్యాను తిరుగుతోంది. కారు ఘట్టం రాగానే వాళ్ళ నాన్న కునుకు తీశాడు. చివర్లో తండ్రి భుజాల మీద నీళ్ళు పడే చోట, కొడుకు ఆయనను తట్టి లేపి, "నాన్నా, ఇక్కడ చూడు" అన్నాడు.