పాడైపోతున్న హార్డ్ డిస్క్‌లోంచి ఫైళ్లు తీయడానికి తక్కువ ఖర్చులో ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

మీ 1 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ ఒకసారి కనపడి ఒకసారి కనపడటం లేదని, కాపీ సగంలో ఆగిపోతోందని, షాపులో అడిగినంత ఇచ్చుకోలేనని రాశారు. ముందు ఒక మాట. ఇప్పుడు ఆ డిస్క్ కంప్యూటర్‌కు తగిలించి ఉంటే తీసేయండి. మిగతాది నిదానంగా చదవండి.

మాది హనుమకొండ. మా మేనమామ ఒగ్గు కథ చెప్పేవాడు. ఆయనకు ఓపిక ఉన్నప్పుడే బీరప్ప కథ మొత్తం రికార్డు చేయాలని రెండు ఎండాకాలాలు పరకాల వెళ్లి ఆయన దగ్గర కూర్చున్నాను. డోలు, తాళాల మోతతో సహా దాదాపు 40 గంటల వీడియో. ఇంకో కాపీ తీయకుండా అంతా ఒకే డిస్క్‌లో పెట్టాను. మామ చనిపోయిన ఏడాదికి ఆ డిస్క్ మీది చేసినట్టే చేయడం మొదలుపెట్టింది.

నేను చేసిన పెద్ద తప్పు, వెంటనే ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ వేసి రాత్రంతా స్కాన్ పెట్టడం. తెల్లారేసరికి 3 శాతం దగ్గర ఉంది. డిస్క్ ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రామ్‌లో చూస్తే పసుపు రంగులో హెచ్చరిక. సీ5 అనే వరుస ఉంటుంది, డిస్క్ చదవలేక పక్కన పెట్టిన సెక్టర్ల (డేటా ఉండే చిన్న చిన్న భాగాల) లెక్క అది. ముందురోజు చూసినదానికంటే ఆ లెక్క బాగా పెరిగింది. మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్ చెడిన చోట ఆగి, అక్కడే మళ్లీ మళ్లీ చదవమని డిస్క్‌ను సతాయిస్తుంది. ఆలోపు బాగున్న భాగాలు కూడా పోవచ్చు. అందుకే జబ్బు చేసిన డిస్క్ మీద ఫైళ్లు వెతకకూడదు. ముందు దాని నకలు తీసి, వెతుకులాటంతా ఆ నకలులో చేయాలి.

ఆ నకలు తీయడానికి డీడీరెస్క్యూను మించింది నాకు దొరకలేదు. పూర్తిగా ఉచితం. సిస్టమ్‌రెస్క్యూ అనే లైనక్స్‌ను రూఫస్ అనే ప్రోగ్రామ్‌తో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, విండోస్ బదులు దాంతో కంప్యూటర్ బూట్ చేస్తే డీడీరెస్క్యూ అందులోనే ఉంటుంది. ఇది చెడిన చోటు తగిలితే అక్కడ కూర్చోదు, దాటేసి ముందు బాగున్నదంతా తెచ్చుకుంటుంది. మొదటిసారి కమాండ్‌లో మైనస్ ఎన్ (-n) ఆప్షన్‌తో నడపండి, మొండి సెక్టర్ల జోలికి వెళ్లదు. అది అయ్యాక మైనస్ ఆర్ 3 (-r3) పెడితే మిగిలిపోయిన వాటిని మరో మూడుసార్లు ప్రయత్నిస్తుంది.

ఎంతవరకు చదివిందో ఇది మ్యాప్‌ఫైల్‌లో రాసుకుంటుంది. మధ్యలో ఆపినా అక్కడి నుంచే కొనసాగించొచ్చు. ఆ ఫైల్‌ను తప్పకుండా కొత్త డిస్క్‌లో పెట్టండి. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లైనక్స్‌లో పెట్టినవి ర్యామ్‌లోనే ఉంటాయి. నాకు తెలియక అక్కడే పెట్టాను. మే నెల గాలిదుమారానికి కరెంటు పోయింది, తొమ్మిది గంటల పని పోయింది. మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చినప్పుడు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు ఇన్వర్టర్ మీద పెట్టి, డిస్క్‌కు ఎదురుగా టేబుల్ ఫ్యాన్ తిప్పాను. మన ఎండలకు అది అవసరం. అలా నాలుగు రోజులు నడిచింది.

ఖర్చంతా కొత్త డిస్క్‌దే. మీది 1 టీబీ కాబట్టి 2 టీబీది తీసుకోండి, నకలుకూ బయటికి తీసిన ఫైళ్లకూ చోటు సరిపోతుంది. అది ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండకూడదు, అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ సరిపోతుంది. కమాండ్ కొట్టే ముందు ఏది పాతది, ఏది కొత్తది అని సీరియల్ నంబర్‌తో సహా రెండుసార్లు చూసుకోండి. అటూ ఇటూ అయితే పాత డిస్క్ మీదే రాసేస్తుంది, ఇక చేయగలిగింది ఏమీ ఉండదు.

నకలు చేతికొచ్చాక పని తేలిక. ముందు టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్‌తో ఆ నకలు ఫైల్ (ఇమేజ్) తెరవండి. ఫోల్డర్లు కనపడితే పేర్లతో సహా కాపీ చేసుకోవచ్చు. అందులో కనపడకపోతే డీఎండీఈ అనే రికవరీ ప్రోగ్రామ్ చూడండి. దాని ఉచిత వెర్షన్‌లో ఒకసారికి ఒక ఫోల్డర్ నుంచి 4000 ఫైళ్ల వరకు తీసుకోనిస్తారు, ఇంటి అవసరానికి అది చాలు. రెండూ పనిచేయకపోతేనే ఫోటోరెక్. అది ఫైల్ మొదట్లో ఉండే గుర్తును బట్టి ఏరుతుంది కాబట్టి పేర్లూ ఫోల్డర్లూ రావు, ముక్కలుగా ఉన్న పెద్ద వీడియోలు సరిగ్గా ఆడవు. ఫోటోలకైతే చాలా మంచిది.

విండోస్ ఫార్మాట్ చేయమంటే ఒప్పుకోకండి. విండోస్‌లోని చెక్‌డిస్క్ అసలే నడపకండి, అది ఫైళ్లను కాపాడటానికి కాదు, ఫైల్ సిస్టమ్‌ను సరిచేయడానికి చేసింది. ఫ్రిజ్‌లో పెట్టమనే సలహా కూడా వినకండి, లోపల తేమ చేరుతుంది. డిస్క్ టక్ టక్ అంటుంటే మాత్రం నేను చెప్పినవేవీ చేయొద్దు. అది లోపల డేటా చదివే హెడ్ దెబ్బతిన్న లక్షణం, దుమ్ము చేరని క్లీన్ రూమ్ ఉన్న ల్యాబ్‌లోనే విప్పాలి.

నా డిస్క్‌లో చివరికి చదవకుండా మిగిలింది 38 ఎంబీ. ఒక వీడియోలో కొన్ని సెకన్లు బొమ్మ చెదిరింది, మామ గొంతు మాత్రం అంతా వచ్చింది. ఇప్పుడది మూడు చోట్ల ఉంది, ఒకటి పరకాలలో అత్తమ్మ దగ్గర.

డిస్క్ నుంచి ఏదైనా చప్పుడు వస్తోందా, సీ5 ఎదురుగా ఎంత ఉంది, ఈ రెండూ ఇక్కడ రాయండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో సీ5 అంకెలు మొదట హెక్సాడెసిమల్‌లో (అక్షరాలు కూడా కలిసే లెక్కలో) కనపడతాయి, మెనూలో రా వాల్యూస్ దగ్గర మామూలు అంకెల్లోకి మార్చుకుని చూడండి. దాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో చెప్తాను.