సెలవు మీద వెళ్తున్నారా? ఆటో రిప్లయ్‌లో ఏం రాస్తున్నారు?

కొత్తగా ఉద్యోగంలో చేరి మొదటి సెలవు పెట్టినవాళ్ళకి తరచు వచ్చే సందేహం ఇది: "మేనేజరుకి చెప్పాను, టీముకీ చెప్పాను, ఇంకా ఔట్ ఆఫ్ ఆఫీస్ కూడా పెట్టాలా?"

పెట్టాలండీ. ఔట్ ఆఫ్ ఆఫీస్ అంటే, మీరు సెలవులో ఉన్నప్పుడు మెయిల్ రాసినవాళ్ళకి దానంతటదే వెళ్ళే జవాబు, అదే ఆటో రిప్లయ్. మీరు చెప్పింది రోజూ కనబడేవాళ్ళకి. మెయిల్ రాసేవాళ్ళలో పక్క డిపార్టుమెంటు వాళ్ళు, క్లయింట్లు, వెండర్లు కూడా ఉంటారు. జవాబు రాకపోతే వాళ్ళు మిమ్మల్ని సెలవులో ఉన్నారనుకోరు, పట్టించుకోలేదనుకుంటారు.

పెట్టడం ఎంతసేపో పట్టదు. ఔట్‌లుక్‌లో ఫైల్ మెనూలో ‘ఆటోమేటిక్ రిప్లయిస్’ ఉంటుంది. కొత్త ఔట్‌లుక్‌లో అయితే సెట్టింగ్స్‌లో, అకౌంట్స్ కింద చూడండి. జీమెయిల్‌లో సెట్టింగ్స్‌కి వెళ్ళి జనరల్ పేజీ అడుగుకి దిగితే ‘వెకేషన్ రెస్పాండర్’ కనబడుతుంది. ముగింపు తేదీ కూడా అప్పుడే ఇచ్చేయండి. లేకపోతే మీరు వచ్చి సీట్లో కూర్చున్నాక కూడా లేరనే జవాబు వెళ్తుంటుంది. ఒకే మనిషి పది మెయిళ్ళు రాస్తే పదిసార్లూ జవాబు పోతుందేమోనని భయపడకండి. ఔట్‌లుక్ వెనక ఆఫీసు మెయిళ్ళని నడిపే ఎక్స్చేంజ్ సర్వరు ఒక్కొక్కరికి ఒక్కసారే పంపుతుంది. జీమెయిల్ అదే మనిషికి మళ్ళీ పంపడానికి కనీసం నాలుగు రోజులు ఆగుతుంది.

అసలు చిక్కంతా రాయడంలో ఉంది. మనవాళ్ళు అక్కడ సంజాయిషీ రాస్తారు: ఎందుకు వెళ్తున్నారు, ఇంట్లో ఏం శుభకార్యం, అసౌకర్యానికి క్షమాపణ, చివర సొంత ఫోన్ నంబరు. సెలవు మీ హక్కు, దానికి కారణం ఎవరూ అడగలేదు. అవతలి మనిషికి కావలసింది మీరెప్పుడొస్తారు, ఈలోగా ఎవరిని అడగాలి, అంతే.

తేదీతో జాగ్రత్త. 5/6 అంటే అమెరికాలో మే 6, బ్రిటన్‌లో జూన్ 5. నెల పేరు అక్షరాల్లో రాయండి. "జూన్ 5 వరకు ఉండను" అన్నా తిరకాసే, 5న ఉన్నట్టా లేనట్టా? "జూన్ 8, సోమవారం నుంచి ఆఫీసులో ఉంటాను" అంటే గొడవే లేదు.

మీ బదులు చూసుకునే మనిషి పేరు పెట్టేముందు వాళ్ళని అడగండి. అడక్కుండా పెడితే, వాళ్ళూ అదే వారం సెలవులో ఉండి మీ పేరే పెట్టి ఉండొచ్చు. పాపం మెయిల్ రాసినవాడు మీ ఇద్దరి మధ్యా తిరుగుతుంటాడు. నవ్వకండి, డిసెంబరు ఆఖర్లో ఇది మామూలే.

ఔట్‌లుక్‌లో కంపెనీ లోపలివాళ్ళకి ఒక జవాబు, బయటివాళ్ళకి మరొకటి రాసుకోవచ్చు. లోపలివాళ్ళకి ఏ పనికి ఎవరో పేర్లతో సహా చెప్పండి. బయటివాళ్ళకి మాత్రం తిరిగొచ్చే రోజు, టీము ఉమ్మడి మెయిల్ అడ్రసు చాలు. మేనేజరు పేరు, వాళ్ళ హోదా, మీరే దేశంలో ఉన్నారో అన్నీ రాసిపెడితే మోసపు మెయిళ్ళు పంపేవాళ్ళకి సరంజామా అంతా మీరే సర్దిచ్చినట్టు.

"మధ్యమధ్యలో మెయిల్ చూస్తుంటాను" అని నిజంగా చూసేటట్టయితేనే రాయండి. నా సలహా అడిగితే వద్దనే అంటాను. ఒక్కదానికి జవాబిస్తే మిగతావాళ్ళూ ఎదురు చూస్తారు. జర్మనీలో డైమ్లర్ కంపెనీ ఇంకా ముందుకెళ్ళింది. సెలవులో ఉన్నప్పుడు వచ్చిన మెయిల్‌ని ఏకంగా డిలీట్ చేసి, పంపినవాళ్ళకి ఆ సంగతీ, బదులు ఎవరిని అడగాలో చెప్పే పద్ధతి ఉద్యోగులకి ఇచ్చింది. 2014లో ఇది బాగా వార్తల్లోకెక్కింది. అన్ని ఆఫీసులూ అంత ఉదారంగా ఉండవనుకోండి.

బయల్దేరే ముందురోజు ఒకసారి ఆన్ చేసి మీ సొంత అడ్రసు నుంచి ఆఫీసు అడ్రసుకి ఒక మెయిల్ కొట్టి, వచ్చిన జవాబు చదవండి. ఔట్‌లుక్ పాత మెసేజీని అలాగే దాచి ఉంచుతుంది. చూసుకోకుండా ఆన్ చేస్తే పోయినసారి సెలవు తేదీలే వెళ్తాయి.