ముళ్లపందికి వయొలిన్ ఎందుకు?

అమ్మాయ్,

జూ జంతువుల మీద వీడియోల కోసం నువ్వు రాసి పంపిన స్క్రిప్టులు చదివాను, వీడియో కూడా చూశాను. దేవాంగపిల్లి, అదే పేరుకి పిల్లి గానీ కోతుల జాతికి చుట్టమైన ఆ పెద్ద కళ్ల చిన్న జంతువు, దాని దగ్గరికి వచ్చేసరికి ఫోన్ పక్కన పడేసి, లేచి వెళ్లి కాఫీ పెట్టుకున్నాను. 'హాయ్ ఫ్రెండ్స్, నేనే మీ దేవాంగపిల్లిని, నన్ను కాపాడరా?' అని ముద్దుముద్దుగా ఒక గొంతు, వెనకాల వయొలిన్. ఆ గొంతు నీదే అయితే కోప్పడకు, కానీ అది విన్నాక నాకు ఆ జంతువు మీద జాలి వేసిన మాట నిజమే, నువ్వనుకున్న కారణానికి మాత్రం కాదు.

దానికి ముందు ముళ్లపంది గురించి రాసినదాంట్లో ఒక వాక్యం ఉంది. 'బొరియలోంచి ముందు ముక్కు వచ్చింది, చాలాసేపటికి ముళ్లపంది వచ్చింది.' బాగుంది. ఇట్లా రాయగలిగినదానివి మరుసటి పేజీలోనే హాయ్ ఫ్రెండ్స్ అనిపించావు చూడు, ఈ ఉత్తరం అందుకే.

జంతువు నోట్లో మన మాటలు పెట్టొద్దు. ఏళ్ల తరబడి రాసి నేను పట్టుకున్నది ఇదొక్కటే, దీన్ని వదలను. మన పాత కథల్లో నక్కలూ కాకులూ మాట్లాడలేదా సార్ అంటావు, నాకు తెలుసు. మాట్లాడాయి, రాజుల గురించి, మంత్రుల గురించి, నమ్మించి గొంతు కోసేవాళ్ల గురించి. ఆ కథలు తరతరాలుగా విన్నాం కదా, నక్క ఏం తింటుందో మనలో ఎంతమందికి తెలుసు? జిత్తులమారి అని మాత్రం పుట్టినప్పటినుంచీ తెలుసు. అది రేగుపళ్లు ఏరుకుని తింటుందనీ, పొలాల్లో ఎలకల్ని పట్టి రైతుకు మేలు చేస్తుందనీ ఏ కథా చెప్పలేదు, చెప్పాల్సిన పని కూడా వాటికి లేదు. నువ్వు పెట్టుకున్న పని వేరు. జూకి వచ్చినవాళ్లు చూడకుండా దాటిపోయే జంతువుని ఆగి చూసేలా చెయ్యాలన్నావు. అట్లాంటప్పుడు నువ్వు దాన్ని చూపించాలి గానీ దాని వేషం కట్టి మధ్యలో నిలబడితే ఎట్లా?

మన తిరుపతి జూ సంగతే చూడు. 1987లో తెరిచారు, శేషాచలం కొండల కింద 5,500 ఎకరాలకు పైగా స్థలం, దేశంలోనే పెద్ద జూల్లో ఒకటి. పొద్దున పదకొండుకి కుటుంబాలు దిగుతాయి, సింహం ఎక్కడ, పులి ఎక్కడ అని అడుగుతూ పోతాయి. ముళ్లపంది ఆ టైముకి బొరియలో నిద్రపోతూ ఉంటుంది, దానిది రాత్రి ఉద్యోగం. బోర్డు చదివి, లోపలికి తొంగి చూసి, 'ఏమీ లేదు పదండి' అంటారు. 2024 ఫిబ్రవరిలో ఒకతను సింహాల ఎన్‌క్లోజర్‌లోకి దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు, ఆ వారం తిరుపతి జూ పేరు టీవీల నిండా మోగింది. అంతకుముందు గానీ ఆ తరువాత గానీ అక్కడున్న మిగతా జంతువుల గురించి ఎవడన్నా ఒక్క నిమిషం మాట్లాడాడా?

ఆ బొరియ దగ్గర ఆగినదానివి నువ్వే. ఆగి, కీపర్ బక్కెట్టు చప్పుడు కాగానే ముక్కు బయటికి రావడం చూశావు. తరువాత అది చిలగడదుంపని ముందు కాళ్లతో అదిమి పట్టుకుని కొరకడం రాశావు, ఆ చప్పుడు ఎట్లా ఉందో రాయలేదు. అది కావాలి నాకు. వయొలిన్ తీసేస్తే ఆ చప్పుడు వీడియోలో ఉంటుంది, కొరుకుడు, మధ్యలో ముళ్లు ఒకదానికొకటి తగిలి గలగలమనడం. అడవిలో అయితే ఇదే జంతువు ఎముకలూ, రాలిపోయిన జింక కొమ్ములూ బొరియ దాకా మోసుకొచ్చి కాల్షియం కోసం కొరుకుతుంది. ముళ్లపంది ముళ్లని బాణాల్లా విసురుతుందని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు, మీ ఊళ్లోనూ చెబుతారనుకుంటాను. విసరదు. ముళ్లు నిక్కబొడుచుకుని వెనక్కి తిరిగి వీపుతో గుద్దుతుంది, గట్టిగా అంటి ఉండవు గనక అవి ఎదుటిదాని ఒంట్లో దిగి ఉండిపోతాయి. ఈ ఒక్క సంగతి నిదానంగా చెప్పినా ఒక వీడియో అవుతుంది. 'మీకు తెలుసా?' అని మొదలుపెట్టకు. మొదటి మూడు సెకన్లలో జనాన్ని కట్టిపడెయ్యాలని మీకు ఎవరు నేర్పారో గానీ, ప్రతి వీడియో అరుపుతోనే మొదలవుతోంది.

ఈ జబ్బు ఫోన్లతో వచ్చింది కాదులే. నేను ఆదివారం అనుబంధాలకు రాసే రోజుల్లో మన కొండల బంగారు బల్లి మీద వ్యాసం రాశాను. ఎంత తిరిగానో చెప్పను, చెబితే గొప్పలు పోతున్నాడంటావు. 1870లో ఒక ఇంగ్లీషాయన లోకానికి చెప్పిన బల్లి అది, తరువాత చాలా కాలం జాడ లేదు, 1980లలో తిరుమల కొండల్లో మళ్లీ కనిపించింది. తేమగా ఉండే గుహల్లో, రాతి చీలికల్లో ఉంటుంది, రాత్రి బయటికొస్తుంది. జతకట్టే కాలంలో మగబల్లి ఒళ్లంతా పసుపు రాసినట్టు మెరుస్తుంది. ఆడవి ఒకే రాతికి గుడ్లు అంటించి పెడతాయి, ఒకదాని పక్కన ఒకటి, ఎన్నో బల్లులవి ఒకేచోట. ఇదంతా రాసి పంపితే మా ఎడిటర్ మహాశయుడు ఏం చేశాడో తెలుసా, నేనిచ్చిన ఫోటో పక్కన పెట్టి కంచి గుళ్లోని బంగారు బల్లి ఫోటో వేశాడు! 'పాఠకులకు కనెక్ట్ అవుతుంది' అన్నాడు. హెడ్డింగ్ కూడా మార్చాడు, దోషాలు పోగొట్టే బల్లి మన కొండల్లోనే అని. ఆ సోమవారం నుంచి ఒకటే ఫోన్లు. మీద బల్లి పడింది సార్, కంచి దాకా పోయే ఓపిక లేదు, తిరుమలలో ఎక్కడ తాకాలి అని. పాపం వాళ్లదేం తప్పు? ఒక బల్లిని గుహలో ప్రశాంతంగా ఉంచాలని రాస్తే, దాన్ని తాకడానికి జనాన్ని పోగుచేశాడు మహానుభావుడు. ఆయన తరువాత ఇంకా పెద్ద కుర్చీలోకి వెళ్లాడు, అది వేరే కథ.

మళ్లీ దేవాంగపిల్లి దగ్గరికి వస్తాను. ముద్దుగా చూపిస్తే తప్పేంటని అడుగుతావు. 2009లో యూట్యూబ్‌లో ఒక వీడియో వచ్చింది, స్లో లోరిస్‌ది. మన దేవాంగపిల్లికి దూరపు చుట్టం, ఆగ్నేయాసియా అడవుల్లో ఉంటుంది. ఎవరో దానికి చక్కిలిగింతలు పెడుతుంటారు, అది రెండు చేతులూ పైకెత్తి కూర్చుని ఉంటుంది. లక్షల మంది చూసి మురిసిపోయారు, నాకూ ఒకటి కావాలని కింద రాశారు. ఆ జంతువు బెదిరినప్పుడు చేతులెత్తుతుంది. మోచేతి లోపలి వైపున దానికి విషం ఊరే గ్రంథి ఉంటుంది, దాన్ని నాకి కాటుకు సిద్ధమవుతుంది. పెంచుకునేవాళ్లకు అమ్మే ముందు దాని పళ్లు కత్తిరిస్తారు. ముద్దు దగ్గర మొదలైన కథ ఎక్కడిదాకా పోయిందో చూశావా?

మన దేవాంగపిల్లికి చేతబడి నమ్మకాల బాధ ఎట్లాగూ ఉంది. నువ్వు వాడిన క్లిప్పులో ఎవడో తెల్ల టార్చి దాని కళ్లలోకే కొట్టాడు, రాత్రి తిరిగే జంతువుకి అది ఎంత హింసో ఆలోచించు. పరిశోధకులు ఎర్ర లైటుతో చూస్తారు. ఆ క్లిప్పు తీసెయ్. తీసేసి, అది ఆకు కూడా కదలకుండా కొమ్మ మీద నడిచి, పురుగు దగ్గరికి రాగానే చటుక్కున చేత్తో పట్టుకోవడం రాయి. తన మూత్రమే కాళ్లూచేతులకు రాసుకుంటుందని రాయి. పిల్లలు ఛీ అంటారు, ఇక జన్మలో మర్చిపోరు.

నక్షత్ర తాబేలు గురించి రాసినదాంట్లో ఊరి పేరు, గుట్ట పేరు, ఏ వంక పక్కన కనిపిస్తాయో అన్నీ పెట్టావు. ఇవాళే కొట్టెయ్. ఫోటోలో లొకేషన్ ఉంటే అదీ తియ్. 2019లో వాటి అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించారు, అయినా ఎయిర్‌పోర్టుల్లో సూట్‌కేసుల నిండా పట్టుబడుతూనే ఉన్నాయి. నీ వీడియో మొదట చూసేది ప్రకృతి ప్రేమికుడే అని గ్యారంటీ ఏమీ లేదు.

కథ చెప్పి జంతువుని కాపాడటం ఎట్లా అన్నావు కదా, మన పక్క కడపలోనే జరిగింది. కలివి కోడి అని ఒక పక్షి, 1900 తరువాత శాస్త్రవేత్తలెవరి కంటా పడలేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊళ్లలో దాని బొమ్మ చూపించి, ఇట్లాంటిది చూశారా అని అడుగుతూ తిరిగారు. 1986 జనవరిలో రెడ్డిపల్లె దగ్గర ఐతన్న అనే ఆయన రాత్రి టార్చి వెలుతుర్లో దాన్ని పట్టుకొచ్చాడు. ఆ పక్షి బతకలేదు పాపం, కానీ ఆ చిట్టడవి శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం అయ్యింది. డ్రోన్ షాట్ లేదు, డైలాగు లేదు. తెలిసినవాళ్లని అడిగారు, అంతే. నీకు తెలిసినవాడు ఆ బక్కెట్టు మోసే కీపర్. ముళ్లపంది ఏ రోజు తిండి వదిలేస్తుందో, వానకాలంలో ఎట్లా ఉంటుందో ఆయనకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ దొరకదు. నువ్వు ఆయన్ని చెయ్యి వరకే చూపించి కట్ చేశావు. మాట్లాడించు. అయితే ముందు అధికారుల పర్మిషన్ తీసుకో, పెట్టే ముందు ఆయనకి చూపించు, ఆయన వద్దన్న ముక్క కొట్టెయ్. నీ వ్యూస్ కోసం ఆయన ఉద్యోగం మీదకి రాకూడదు.

ఏ యాప్‌లో ఎడిట్ చెయ్యాలి, ఎన్నింటికి అప్‌లోడ్ చెయ్యాలి అని అడిగావు, అవి మా మనవడిని అడుగు. నక్క స్క్రిప్టు ఇంకా చదవలేదు. కంటి ఆపరేషన్ అయ్యింది, ఫోన్‌లో అంతసేపు చూడొద్దన్నారు. ప్రింట్ తీసి పోస్టులో పంపు, అక్షరాలు పెద్దవి పెట్టు.