చెడ్డపనులు చేసిన చిత్రకారుల బొమ్మలు చూడొచ్చా?

గొప్ప చిత్రకారులు చేసిన దుర్మార్గాలు తెలిశాక కూడా వాళ్ల బొమ్మలు మెచ్చుకోవచ్చా, మనిషినీ పనినీ విడదీసి చూడాలా అని అడిగారు. అనంతపురంలో ఫైన్ ఆర్ట్స్ ఎంట్రెన్స్‌కు పోయే పిల్లలకు డ్రాయింగ్ నేర్పిస్తుంటాను. మా క్లాసులో ఈ మాట ఎప్పుడూ వస్తూనే ఉంటుంది. అందరికీ ఒకే జవాబు చెల్లదు. అన్యాయానికి గురైన మనిషి ఆ బొమ్మలో ఉందా లేదా అన్నది నేను మొదట చూస్తాను.

ఇటలీ చిత్రకారుడు కారవాజియో 1606లో రోమ్‌లో ఒకతన్ని చంపి పారిపోయాడు. అయినా వెలుగునీడల పాఠానికి ఆయన బొమ్మలే ముందు పెడతాను. లైట్లన్నీ ఆర్పేసి, ఒక్క బల్బు కింద మట్టికుండ పెట్టి, దాని అంచు యాడ చీకట్లో కలిసిపోతుందో గీయమంటాను. హత్య సంగతీ చెప్తాను. చనిపోయినవాడు ఆ బొమ్మల్లో లేడు కాబట్టి పాఠానికి అది అడ్డం రాదు.

ఫ్రెంచి చిత్రకారుడు పాల్ గోగాఁ దగ్గర అట్లా కుదరదు. 1891లో పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవికి పోయి తెహామన అనే పిల్లను భార్యగా పెట్టుకున్నాడు. ఆమెకు పదమూడేళ్లుంటాయని ఆయనే రాసుకున్నాడు. 1892లో ఆ పిల్ల మంచం మీద బట్టల్లేకుండా బోర్లా పడుకొని, బెదిరిన కళ్లతో మన వైపు చూస్తున్నట్టు గీశాడు. ఊదారంగు పక్కన పసుపు ఎట్లా నిలబడుతుందో చెప్పడానికి అది చూపిస్తుంటే, ఒకమ్మాయి "సార్, ఈ పిల్ల ఎందుకంత భయపడింది?" అనింది. దయ్యాలకు భయపడిందని గోగాఁ రాసిన సంగతి చెప్పి, ఆమె వయసూ చెప్పినాను. "రంగులు నేర్చుకోను వచ్చినాం, ఇదంతా మనకెందుకు సార్" అన్నాడొక అబ్బాయి. "ఆ రంగులు పూసింది ఆ పిల్ల ఒంటికే కదరా" అనిందా అమ్మాయి.

నేనూ ఆమె పక్షమే. అట్లని ఆ బొమ్మను దాచను. దాచేస్తే తెహామన కూడా మరుగున పడిపోతుంది. చెడ్డ సంగతి తెలిసినంత మాత్రాన బొమ్మ చూడటం ఆగదు. లేపాక్షి గుడికి పోతే గోడ మీది ఎర్రటి మచ్చలు చూపించి, విజయనగర రాజు కోశాధికారి విరూపణ్ణ ఖజానా సొమ్ము గుడికి వాడేశాడనీ, రాజు శిక్ష వేస్తే తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడనీ కథ చెప్తారు. అది విన్నాక కూడా మా పిల్లలు పైకప్పు మీది వీరభద్రుణ్ణి తలెత్తి చూస్తూ గంటలకొద్దీ గీస్తారు.

బతికున్నవాళ్ల లెక్క వేరు. మన డబ్బు, మన చప్పట్లు నేరుగా వాళ్లకే చేరతాయి. సినిమా దర్శకుడు రోమన్ పొలాన్‌స్కీ పదమూడేళ్ల బాలిక కేసులో నేరం ఒప్పుకొని, శిక్ష వేయకముందే 1978లో అమెరికా విడిచి పారిపోయాడు. 2003లో 'ది పియానిస్ట్' సినిమాకు ఆయనకు ఉత్తమ దర్శకుడిగా ఆస్కార్ ప్రకటిస్తే హాల్లో చాలామంది లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ సినిమా నేనూ చూశాను, చాలా గొప్పగా తీశాడు. ఆ హాల్లో ఉంటే మాత్రం లేచేవాణ్ణి కాదు.