కొక్కెరకూ గవదబిళ్లకూ చుట్టరికం

సందేహం: మా మనవడు సైన్సు ప్రాజెక్టులో "కోళ్లకొచ్చే కొక్కెర తెగులు, పిల్లలకొచ్చే తట్టు, గవదబిళ్లలు ఒకే జాతి రోగాలు" అని రాశాడు. మాస్టారు 'జాతి' కొట్టేసి 'కుటుంబం' అని దిద్దారు. రోగాలకు కుటుంబమేమిటండీ? పైగా తెగులు వరికి గదా, కోడికి అనవచ్చా?
— ఒక పాఠకుడు, తణుకు

సమాధానం: మాస్టారి దిద్దుబాటు సగం ఒప్పు.

మీ వైపు 'జాతి పుంజు' అంటే మేలైన పుంజు. ఏ జాతి అని అడిగితే డేగ, కాకి, నెమలి అంటారు. అవేమో ఈకల రంగును బట్టి పెట్టిన పేర్లు! ఇంత వదులుగా తిరిగే మాటను శాస్త్రం బిగించి కట్టేసింది. పాఠ్యపుస్తకాల్లో జాతి కింది మెట్టు. దానిపైన ప్రజాతి, ఆపైన కుటుంబం, ఆపైన క్రమం. మనవడు రాసిన మూడింటి వైరస్‌లూ జాతిలో కలవవు, ప్రజాతిలోనూ కలవవు. కుటుంబం దగ్గరికొచ్చాకే కలుస్తాయి. దాని పేరు పారామిక్సోవిరిడే.

ఇక మాస్టారు వదిలేసిన సగం. కుటుంబం వైరస్‌లది, రోగాలది కాదు. మనవాళ్లు రోగానికి పేరు కంటికి కనబడినదాన్ని బట్టి పెట్టారు. ఒంటిమీద ఎర్రగా తేలితే తట్టు, దవడ పక్కన ఉబ్బితే గవదబిళ్ల. తట్టుకూ ఆటలమ్మకూ ఒకే వేపమండ కట్టాం. తీరా చూస్తే ఆటలమ్మది డీఎన్ఏ వైరస్, హెర్పిస్ కుటుంబం. తట్టు వైరస్‌కు దగ్గరి చుట్టం గొడ్లలో ఉండేది, రిండర్‌పెస్ట్. అది భూమ్మీద లేకుండా పోయిందని 2011లో ప్రకటించారు. గొర్రెలకూ మేకలకూ వచ్చే పీపీఆర్ కూడా ఆ ప్రజాతిదే, అదింకా ఉంది.

ఈ కుటుంబ లక్షణం ఒంటిపోగు ఆర్ఎన్ఏ, అంటే వైరస్ జన్యు సమాచారమంతా ఒకే పోగుమీద రాసి ఉంటుంది, అదీ తిరగేసిన రాత. కణం దాన్ని నేరుగా చదవలేదు. వైరస్ వెంట తెచ్చుకున్న ఎంజైము ముందుగా దాన్ని సరైన వరసలో తిరగరాయాలి. నాకు ముచ్చటేసింది మాత్రం దాని లెక్క. కొక్కెర వైరస్ రాత కొన్ని రకాల్లో మొత్తం 15,186 అక్షరాలు, ఆరుతో భాగిస్తే శేషం లేదు. పోగును కప్పే ప్రోటీన్ ఒక్కొక్కటి ఆరేసి అక్షరాలను పట్టుకుంటుంది. లెక్క తప్పితే నకలు సరిగా తయారవదు. గణం తప్పిన పద్యం కుంటినట్టే! వైరస్‌కు ఛందస్సు ఉందని వ్యాకరణం పంతుళ్లు సంతోషించవచ్చు.

ఇక పారామిక్సో అనే పేరు: 'మిక్సా' గ్రీకులో చీమిడి, 'పారా' అంటే పక్కన. ఫ్లూ వైరస్‌లది ఆర్థోమిక్సో, వేరే కుటుంబం. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు వైపు బయటపడిన బర్డ్ ఫ్లూ దానిది. కొక్కెరనూ బర్డ్ ఫ్లూనూ ఒకటిగా రాస్తున్నవాళ్లు ఇది గమనించాలి.

తెగులు సంగతికొస్తే, అది పైరుకే రాసిచ్చిన మాట కాదు. రోగం, బాధ అనే అర్థం దానికి ఎప్పట్నుంచో ఉంది. మనుషులకైతే "నీకేం తెగులు?" అనే తిట్టులో మిగిలింది. కోడికి నిస్సందేహంగా అనవచ్చు.

మనవడి చేత ఇలా రాయించండి: "కొక్కెర తెగులు, తట్టు, గవదబిళ్లలు ఒకే కుటుంబపు వైరస్‌ల వల్ల వస్తాయి." కొక్కెరను కొట్టేసి 'రాణీఖేత్' అనో 'న్యూకాజిల్' అనో దిద్దబోతే మాత్రం ఒప్పుకోకండి. అవి రెండూ ఊళ్ల పేర్లు. కోడిని పెంచేవాడి నోట ఉన్న మాట కొక్కెరే.