నీలి ఇంకు కొనేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

కొత్త ఫౌంటెన్ పెన్నుకి ఏ నీలం ఇంకు పోయాలని అడిగావు. సీసా మీది రంగు చూసి మాత్రం కొనకు. ఒకే ఇంకు సన్న పాళీతో రాస్తే వెలిసినట్టుంటుంది, లావు పాళీతో రాస్తే చిక్కగా పడుతుంది. రంగు సంగతి తర్వాత. రాసింది ఎన్నాళ్లు నిలవాలో ముందు తేల్చుకో.

రోజువారీ నోట్సుకైతే కడిగితే పోయే రాయల్ బ్లూ చాలు. పెలికాన్ 4001 రాయల్ బ్లూ కాస్త పొడిగా దిగుతుంది. ఇంకు ఎక్కువగా వదిలే పెన్నుకీ, పీల్చేసే కాగితానికీ అది నప్పుతుంది. వాటర్‌మన్ సెరినిటీ బ్లూ (పాతవాళ్లు ఇంకా ఫ్లోరిడా బ్లూ అనే అంటారు) ధారాళంగా దిగుతుంది, గీరుకునే పాళీకి అది హాయి. రెండూ పెన్నుకి హాని చెయ్యవు, చేతికంటినా త్వరగానే పోతాయి. ఓ నీళ్ల చుక్క పడితే మాత్రం రాత చెదిరిపోతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది.

సంతకాలకీ, దాచుకునే కాగితాలకీ వీటిని నమ్మకు. అక్కడ రోరర్ అండ్ క్లింగ్నర్ వాళ్ల సాలిక్స్ లాంటి ఇనుప సిరా మేలు. రాస్తున్నప్పుడు నీలంగానే ఉంటుంది. గాలి తగిలేకొద్దీ అందులోని ఇనుము ఆక్సీకరణం చెంది, గీత నలుపు కలిసిన బూడిద రంగుకి తిరుగుతుంది. నీళ్లు పడ్డా ఆ నల్ల గీత మిగులుతుంది. అయితే అది ఆమ్లం. పెన్నులో ఎండనిస్తే ఉక్కు పాళీని తినేస్తుంది. సెయిలర్ వాళ్ల సేయిబొకు ఇంకు సంగతి వేరు. అందులో రంగు నీళ్లలో కరిగి ఉండదు, సన్నని రేణువులుగా తేలుతూ కాగితం నారలో ఇరుక్కుంటుంది. అవే రేణువులు పాళీకి ఇంకు అందించే ఫీడ్ గాడిలో ఎండితే వదిలించడం మహా కష్టం. ఈ రెండు రకాలూ రోజూ రాసే పెన్నులోనే పోసి, నెలకోసారి కడుగు. బొమ్మలేసే ఇండియన్ ఇంకు మాత్రం ఎంత బాగున్నా పొయ్యకు. అందులోని లక్క పెన్నుని మూసేస్తుంది.

నూడ్లర్స్ బేస్టేట్ బ్లూ చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది, అంత మండిపోయే నీలం. పారదర్శకమైన పెన్నులో పోస్తే ఆ మరక ఇక పోదనుకో. దాన్ని వేరే ఇంకుతో కలపకూడదు కూడా.

పెద్ద సీసా కొనే ముందు 2 మిల్లీలీటర్ల నమూనా తెచ్చుకో. మామూలు కన్వర్టర్‌లో (పెన్ను లోపల ఇంకు పీల్చుకునే గొట్టం) ఒక మిల్లీలీటరు లోపే పడుతుంది కాబట్టి రెండుసార్లు నింపుకోవచ్చు. నువ్వు రోజూ వాడే కాగితం మీదే ఓ పేజీ రాయి. పది సెకన్లాగి వేలితో రుద్దు. ఎడమచేత్తో రాసేవాళ్లకి ఈ పరీక్షే ముఖ్యం. కాగితం తిప్పి ఇంకు అవతలికి ఎంత దిగిందో చూడు. ఒక రోజు ఆరాక ఓ అక్షరం మీద నీళ్ల చుక్క వేసి, నిమిషమాగి అద్ది తియ్యి. ఆ పేజీనే సగం అట్టతో కప్పి రెండు వారాలు ఎండ పడే కిటికీలో పెట్టు. అట్ట తీస్తే రెండు సగాల మధ్య తేడా కనబడుతుంది.

అక్షరాల అంచులు పీచులా పాకితే తప్పు ఎక్కువగా కాగితానిదే. పొడి ఇంకు, సన్న పాళీ వాడితే తగ్గుతుంది. కొన్నాళ్లు వాడని పెన్నులో నీలం ముదిరిందంటే లోపల నీరు ఆవిరైందన్నమాట. దాన్ని పారబోసి కడిగి కొత్తది నింపు.

ఇంకు మార్చినప్పుడల్లా చల్లని నీళ్లు పీల్చి వదులుతూ, నీళ్లు తేటగా వచ్చేదాకా కడుగు. వేడినీళ్లు వద్దు. మొండి మరకకి పదింతల నీళ్లలో ఒక వంతు ఇంట్లో వాడే అమ్మోనియా, గిన్నెలు తోమే సబ్బు ఒక్క చుక్క కలిపి వాడు, తర్వాత మంచినీళ్లతో కడిగెయ్యి. సీసా తెరవగానే బూజు వాసన వచ్చినా, పైన తెల్లని తెట్టు కనబడినా ఆశపడకుండా పారబొయ్యి. ఆ ఇంకు పోసిన పెన్నుని కడగకుండా ఇంకో సీసాలో ముంచకు.

ఉంటాను,
పెదనాన్న