అమ్మానాన్నలతో బెద్గెలెర్ట్‌లో రెండు రోజులు: కొండ ఎక్కకపోయినా ఏం చూడొచ్చు

ఆగస్టులో ఉత్తర వేల్స్‌లోని బెద్గెలెర్ట్‌లో రెండు రాత్రులకి రూమ్ బుక్ చేశామని రాశారు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకి మోకాళ్ళ నొప్పులు, ఏడేళ్ళ బాబేమో ఒక్కచోట కూర్చోడు, "వేల్స్‌లోకెల్లా ఎత్తైన స్నోడన్ కొండ ఎక్కనప్పుడు అక్కడ ఇంకేముంటుంది, బుకింగ్ మార్చుకోమంటారా" అని అడిగారు. మార్చుకోకండి. మీ ప్రశ్న చదవగానే నాకు మా నాన్న గుర్తొచ్చారు, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

ఆ ఊరికి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి నలుగురు ఫ్రెండ్స్‌మి కలిసి వెళ్ళాం. ఊళ్ళో పడుకోవడం, తెల్లారగానే కొండకి పరిగెత్తడం, వానలో తడిసి ముద్దయి తిరిగి రావడం, అంతే. పైన మబ్బు తప్ప ఏమీ కనపడలేదు. ఊరిని మాత్రం కారు పెట్టుకునే జాగాలాగా వాడుకుని వచ్చేశాం. రెండోసారి మా అబ్బాయితో పాటు ఖమ్మం నుంచి వచ్చిన నాన్నని తీసుకెళ్ళాను. ఆయనకి అప్పుడు 72 ఏళ్ళు, చేతికర్ర లేనిదే నడవరు. ఆ ఊరు ఏమిటో నాకు ఆ రెండు రోజుల్లోనే తెలిసింది.

ముందు పేరు సంగతి. ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి "బెడ్" అనకండి. వెల్ష్ భాషలో రెండు "డి" అక్షరాలు పక్కపక్కన వస్తే మన "ద"కి బాగా దగ్గరగా పలుకుతారు. "బెద్" అంటే సమాధి. గెలెర్ట్ సమాధి ఉన్న ఊరు కాబట్టి బెద్గెలెర్ట్. గెలెర్ట్ ఒక వేటకుక్క.

మొదటి సాయంత్రం ఆ సమాధి దగ్గరికే వెళ్ళండి. ఊరి మధ్యలో కొల్విన్ అనే చిన్న ఏరు వచ్చి గ్లాస్లిన్ నదిలో కలుస్తుంది. అక్కడినుంచి గ్లాస్లిన్ ఒడ్డునే చదునైన బాట ఉంది. మెల్లగా నడిచినా పది పదిహేను నిమిషాలు. ఒక పక్క నీళ్ళు రాళ్ళమీద గలగలా పారుతుంటాయి, ఇంకో పక్క పచ్చిక బయల్లో గొర్రెలు. పొలం మధ్యలో ఒక చెట్టు, చుట్టూ కంచె, కింద నల్లటి పలకరాళ్ళు. వాటిమీద కథ వెల్ష్‌లోనూ ఇంగ్లీషులోనూ చెక్కి ఉంటుంది.

మా నాన్న రిటైర్డ్ టీచర్. కర్ర చంకలో పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఇంగ్లీషు రాయి ముందు వంగి పైకే చదవడం మొదలుపెట్టారు. 13వ శతాబ్దంలో ఉత్తర వేల్స్ రాజు లెవెలిన్‌కి ఇక్కడ ఒక భవనం ఉండేదట. ఒకరోజు గెలెర్ట్ లేకుండానే వేటకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కుక్క ఒళ్ళంతా రక్తంతో తోక ఊపుతూ ఎదురొచ్చింది. రాజు లోపలికి పరిగెత్తాడు. పసివాడి ఊయల ఖాళీ, పక్కబట్టల నిండా రక్తం. నాన్న సగంలో ఆగిపోయి నా వైపు తిరిగి, "అరే, ఇది మన ముంగిస కథ కదరా" అన్నారు.

అవును, అదే. పంచతంత్రంలో పసివాణ్ణి కాపాడటానికి పాముని చంపిన ముంగిస, మూతికి రక్తం చూసి తొందరపడి దాన్నే చంపిన తల్లి. ఇక్కడ పాము బదులు తోడేలు, ముంగిస బదులు కుక్క. రాజు కత్తి దూశాక కుక్క అరుపుకి జవాబుగా పసివాడి ఏడుపు వినపడుతుంది, పక్కనే చచ్చిపడిన తోడేలు కనపడుతుంది. మా అబ్బాయికి మిగతాది నాన్న రాయి చూడకుండానే చెప్పేశారు. చెబుతూ చెబుతూ చివర్లో ఆయన గొంతు పట్టేసింది. ముంగిస కథ మా నాన్నమ్మ చెప్పేదట.

నిజానికి ఊరి పేరు కుక్కది కాదు, పూర్వం ఇక్కడున్న ఒక సాధువు పేరు మీద వచ్చి ఉంటుందని చరిత్రకారుల మాట. 1793 ప్రాంతంలో దక్షిణ వేల్స్ నుంచి వచ్చి ఇక్కడ సత్రం నడిపిన డేవిడ్ ప్రిచర్డ్ అనే ఆయన, ప్రచారంలో ఉన్న కథని ఈ ఊరికి అతికించి, జనం వస్తారని ఈ రాళ్ళు పెట్టించాడంటారు. ఇది మన కథే తిరిగి తిరిగి అక్కడికి చేరిందని జానపద కథల పరిశోధకులు 19వ శతాబ్దంలోనే గుర్తించారు. రాత్రి రూమ్‌లో నేను ఇదంతా చదివి వినిపిస్తే నాన్నకి కోపమేమీ రాలేదు. "మరి మన కథ ఇంత దూరం ఎట్ల నడిచొచ్చిందిరా" అని రెండు రోజులూ అదే ధ్యాస. పొద్దున్నే మళ్ళీ వెళ్దామన్నారు, వెళ్ళాం. సమాధికి కాస్త అవతల పైకప్పు లేని పాత రాతి ఇంట్లో గెలెర్ట్ కంచు బొమ్మ ఉంది. మా అబ్బాయి దాని తల నిమురుతూ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

రెండో రోజు రైలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఈ కొండల్ని ఇంతకంటే బాగా చూపించే దారి లేదు. వెల్ష్ హైలాండ్ రైల్వే అని, కెర్నార్వన్ నుంచి పోర్త్‌మాడోగ్ దాకా 25 మైళ్ళు నడిచే నారోగేజ్ ఆవిరి రైలు. పట్టాల మధ్య రెండడుగులే, మన డార్జిలింగ్ రైలులాగా. ఇంజన్లు మాత్రం చిన్నవి కావు, ఒకప్పుడు దక్షిణాఫ్రికాలో పనిచేసిన భారీ గారట్ ఇంజన్లు. ఈ లైను 1930లలో మూతపడితే మళ్ళీ వేసుకుంటూ వచ్చి, 2009లో బెద్గెలెర్ట్‌కి, 2011లో పోర్త్‌మాడోగ్‌కి చేర్చారు. స్టేషన్ ఊరికి కాస్త ఎత్తులో ఉంటుంది, పెద్దవాళ్ళని పైదాకా కార్లో దింపితే మంచిది.

బెద్గెలెర్ట్ దాటగానే రైలు అబెర్‌గ్లాస్లిన్ కనుమలోకి దిగుతుంది. కింద నది, పైన నిలువు బండలు, వరసగా సొరంగాలు. కిటికీలోంచి బొగ్గుపొగ వాసన, నోట్లో కాస్త నలుసు. నాన్న చిన్నప్పుడు డోర్నకల్ జంక్షన్‌లో చూసిన ఇంజన్లు గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నారు. పోర్త్‌మాడోగ్‌లో రైలు ఏకంగా రోడ్డు వంతెన మీద కార్లని ఆపి దాటుతుంది, బాబుని అప్పుడు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. ఏ రోజు ఏ టైముకో ముందే చూసుకుని టికెట్లు బుక్ చేసుకోండి, సెలవుల్లో నిండిపోతాయి. పోర్త్‌మాడోగ్‌లో కాబ్ అనే పొడవాటి కట్ట ఉంది. 1811లో విలియం మాడాక్స్ అది కట్టించకముందు సముద్రపు పోటు అబెర్‌గ్లాస్లిన్ వంతెన దాకా వచ్చేదట. ఇప్పుడు రైలు దాటే పచ్చిక బయళ్ళన్నీ అప్పుడు నీళ్ళే.

అదే కనుమలో నది అంచునే ఫిషర్‌మన్స్ పాత్ అనే కాలిబాట ఉంది. చాలామంది "ఈజీ వాక్" అని చెబుతారు. నమ్మకండి. కొన్నిచోట్ల పాదం పెట్టేంతే చోటు, పట్టుకోవడానికి బండకి ఇనప కడ్డీలు బిగించారు. నేను వాన వెలిసిన మర్నాడు మామూలు షూస్‌తో వెళ్ళి ఒక రాయి మీద జారాను. మోచెయ్యి చీరుకుపోవడంతో సరిపోయింది, అడుగు అవతల నది. మీరు, మీ ఆవిడ పొడి రోజున గ్రిప్ ఉన్న బూట్లతో వెళ్ళొచ్చు, బాబు చెయ్యి మాత్రం వదలకండి. అమ్మానాన్నలు వద్దు, వాళ్ళు రైల్లోంచి చూసినదే చాలు.

బాబుకి బాగా నచ్చేది సిగన్ రాగి గని. ఊరికి మైలు దూరం. 1903లో మూతపడింది, 1986 నుంచి చూడటానికి తెరిచారు. హెల్మెట్ పెట్టుకుని ఎవరికి వారే సొరంగాల్లో నడుస్తూ, ఆగినచోటల్లా రికార్డు చేసిన మాటలు వింటూ పోవచ్చు. గోడల మీద రాగి పచ్చదనం, పైనుంచి కారే నీటికి ఏర్పడిన రాతి ఊడలు చూడటానికి చాలా బాగుంటాయి. ఎండాకాలంలో కూడా లోపల చలి, స్వెట్టర్ ఉండాలి. లోపల ఎక్కాల్సిన మెట్లు చాలా ఉన్నాయి, బయటికి వచ్చేది కూడా కొండ మీదికే. అందుకే నాన్న కింద ఫ్లాస్కులో టీ పెట్టుకుని కూర్చున్నారు.

ఆ దారిలోనే దినాస్ ఎమ్రిస్ అనే గుట్ట ఉంది. వేల్స్ జెండా మీది ఎర్ర డ్రాగన్ కథ ఇక్కడిదే. వోర్టిగెర్న్ అనే రాజు కోట కడుతుంటే రాత్రికి రాత్రే గోడలు కూలిపోయేవట. కింద మడుగులో ఎర్ర డ్రాగన్, తెల్ల డ్రాగన్ పోట్లాడుకుంటున్నాయని ఒక కుర్రాడు చెప్పాడు, ఆ కుర్రాడే మెర్లిన్. 1950లలో తవ్వితే పైన నిజంగానే పాత మడుగు, కోట ఆనవాళ్ళు బయటపడ్డాయి. క్రావ్‌ల్విన్ దగ్గర కారు పెట్టి, ఓక్ చెట్ల మధ్య ఎక్కాలి. బాబు డ్రాగన్ కోసం ఎక్కేస్తాడు.

మీకు కొండ మీదికి మనసు లాగితే, ఒక పూట స్నోడన్ ఎక్కే వాట్కిన్ పాత్ అనే బాటలో జలపాతాల దాకా వెళ్ళి రండి. ఇంకాస్త పైన గ్లాడ్‌స్టన్ రాక్ ఉంది. 1892లో ప్రధాని గ్లాడ్‌స్టన్, 82 ఏళ్ళ వయసులో, ఆ బండ మీంచి జనంతో మాట్లాడి ఈ బాట ప్రారంభించారు. శిఖరం ఎత్తు 1,085 మీటర్లు, ఈ వైపు నుంచి చివరి భాగం రాళ్ళు జారే నిట్టనిలువు, ఏడేళ్ళ పిల్లాడితో అక్కడిదాకా వద్దు. అన్నట్టు బోర్డుల మీద "ఎర్ ఉయిద్వా" అని కనిపిస్తే అది స్నోడనే. 2022 నుంచి నేషనల్ పార్క్ వాళ్ళు వెల్ష్ పేర్లే వాడుతున్నారు.

తిండి విషయంలో జాగ్రత్త. మొదటి రాత్రి మేం తిరిగి తిరిగి ఎనిమిదిన్నరకి ఒకచోటికి వెళ్తే వంట అయిపోయిందన్నారు. నాన్నకి బీపీ మాత్రలు తిండి తర్వాతే వేయాలి, నాకు ఒకటే టెన్షన్. మా ఆవిడ కట్టిన పులిహోర ఉండబట్టి గట్టెక్కాం. మీరూ పులిహోరో, చపాతీలో ఒక పూటకి సరిపడా పెట్టుకోండి, రాత్రి భోజనం ఏడింటికల్లా తినేయండి. వంతెన దగ్గర గ్లాస్లిన్ ఐసెస్‌లో ఐస్‌క్రీమ్ తప్పకుండా తినండి. బారా బ్రిత్ అనే ఎండుపళ్ళ రొట్టె వెన్న రాసుకుని టీతో తింటే నాన్నకి భలే నచ్చింది.

ఆగస్టే కదా అని రెయిన్‌కోట్లు వదిలి రాకండి, బ్రిటన్‌లో బాగా ఎక్కువ వానలు పడే కొండల్లో ఇవీ ఒకటి. శనాదివారాలు అయితే పొద్దున పదిలోపే కారు పెట్టేయాలి. దుకాణాల్లో పొద్దున "బోరె దా" (గుడ్ మార్నింగ్), వచ్చేటప్పుడు "డియోల్ఖ్" (థాంక్స్) అనండి. మా నాన్న ఈ రెండు మాటలూ నేర్చుకుని అందరితో అంటుంటే కౌంటర్ దగ్గరున్నామె ఎంత సంతోషపడిందో.

ఇంకొక్క మాట. గెలెర్ట్ కథ అమ్మానాన్నలకి ముందే చెప్పకండి. రాయి దగ్గర నిలబెట్టి, మెల్లగా చదివి వినిపించండి, ఖాళీ ఊయల దగ్గర ఒక్క నిమిషం ఆగండి.